తొమ్మిదో సెక్షన్‌లో మారిన మాట

మా ఆఫీసులో ఆమెను అందరూ ఒకేమాటమ్మ అనేవాళ్లు. ఎదుట కాదు, చాటున. ఎదుట మేడమ్ అనేవాళ్లు. నేను మాత్రం అక్కా అని పిలిచేదాన్ని. చట్టాల ముసాయిదాలు తయారుచేసే విభాగం మాది. మంత్రులకు కావలసినదాన్ని సెక్షన్లుగా విడగొట్టి రాసేది ఆమె. ఆమె రాసినదాన్ని టైపు చేసేది నేను. మా బల్లల మధ్య ఒక ఇనుప బీరువా ఉండేది. దాని తలుపు సగమే పడేది. మిగతా సగంలోంచి పాత బిల్లుల కట్టలు బయటికి తొంగి చూస్తుండేవి.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. ఒక వస్తువుకు ఒకే మాట వాడాలన్నది ఆమె పట్టుదల. మొదటి పేజీలో "ఇల్లు" అంటే ఆఖరి పేజీ దాకా ఇల్లే. మధ్యలో "నివాసం" అని గానీ "గృహం" అని గానీ కనిపిస్తే ఎర్ర పెన్సిల్ పడాల్సిందే. "చేయవచ్చు" అన్నచోట "చేయాలి" అని టైపు చేస్తే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు, అంత చీవాట్లు తినేదాన్ని. "చేయవచ్చు అంటే ఇష్టముంటే చెయ్యి అని. చేయాలి అంటే చచ్చినట్టు చెయ్యి అని. నీకది రెండక్షరాల తేడా, అవతలివాడికి బతుకు తేడా," అనేది.

కొత్తగా టైపు చేసిన ప్రతిని సరిచూసేటప్పుడు నేను పైకి చదవాలి. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా. ఆమె కళ్లు మూసుకుని వినేది. నిద్రపోతోందేమో అనుకుని ఒకసారి ఒక కామా మింగేశాను. కళ్లు తెరవకుండానే, "కామా ఏది అమ్మాయ్, తినేశావా?" అంది.

ఈ పట్టుదల వెనక ఒక కథ ఉంది. ఆమె తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. ఆయనకూ ఆయన అన్నగారికీ ఇల్లు పంచుకున్నప్పుడు రాసుకున్న కాగితంలో ఒకచోట "గోడ వరకు" అనీ, ఇంకోచోట "గోడతో సహా" అనీ పడింది. రాసినాయనకు రెండూ ఒకటే. అన్నదమ్ములకు కాదు. పదకొండేళ్లు కోర్టు మెట్లెక్కి దిగారు. చివరికి ఒక వానాకాలం ఆ గోడ దానంతటదే కూలిపోయింది. కేసు మాత్రం ఇంకో రెండేళ్లు నడిచింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది. నవ్వి, "మా నాన్న మాత్రం పోయేదాకా పెదనాన్న మొహం చూళ్లేదు," అనేది.

తల్లి పోయేనాటికి ఆమెకు ఆరేళ్లు. పెంచిందంతా అక్క. ఎనిమిదేళ్లు పెద్దదైన ఆ అక్క బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చుంది కాబట్టే చెల్లెలు బడికి వెళ్లింది. అక్కకు పెళ్లయ్యాక చెల్లెలూ ఆ ఇంటికే చేరింది. ఆ బావ మంచి మనిషి. రాతి మిల్లులో పలకలు కోసి నునుపు చేసే పని. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవట. చదువు అంతంత మాత్రమే అయినా మరదలి పరీక్షల ముందు ఆమె న్యాయశాస్త్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలుతో ఒక్కొక్క అక్షరం నొక్కుకుంటూ ప్రశ్నలడిగేవాడు. ఆమె జవాబు తప్పో ఒప్పో అతనికి తెలిసేది కాదు. "గట్టిగా చెప్పావు, ఒప్పే అయ్యుంటుంది," అనేవాడు.

ఉద్యోగం వచ్చాక ఆమె విడిగా గది తీసుకుంది. కొన్నాళ్లకు ఆ బావకే దగ్గు పట్టుకుంది. మొదట చలి అన్నారు, తర్వాత పొగ అన్నారు. అతను చుట్ట కూడా ముట్టని మనిషి. చివరికి ఊపిరితిత్తుల్లో రాతి పొడి పేరుకుపోయిందనీ, అది కరిగేది కాదనీ, పెరగకుండా చూసుకోవడమే దారి అనీ పెద్దాసుపత్రిలో తేల్చారు. అప్పటికి మిల్లులో ఇరవై ఆరేళ్లు. అయినా మిల్లు రిజిస్టరులో అతని పేరు లేదు. పనికి తీసుకెళ్లింది మేస్త్రీ కాబట్టి అతని పేరు మేస్త్రీ నోటుపుస్తకంలో ఉంది. అక్కడ సగానికి సగం మంది అలాంటివాళ్లే.

ఆ ఏడాదే, ఎవరి పుణ్యమో, దుమ్ములో పనిచేసి జబ్బుపడ్డవాళ్లకు మిల్లులే జీవితాంతం వైద్యం చేయించాలని ఒక బిల్లు తలపెట్టారు. ఆ ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. బావ సంగతి ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు. ఆమె ఆ బిల్లు రాసిన తీరు నేనింకెక్కడా చూడలేదు. "కార్మికుడు అంటే దుమ్ము లేచే పనిచోట పనిచేసే ఏ వ్యక్తి అయినా, యజమాని నేరుగా నియమించినా, మరొకరి ద్వారా వచ్చినా" అని నిర్వచనం రాసి, అందులో "ఏ" అన్న ఒక్క అక్షరం ఎక్కడ ఉండాలా అని రెండు రోజులు కూర్చుంది. అక్కణ్ణుంచి బిల్లు చివరిదాకా కార్మికుడు, కార్మికుడు, కార్మికుడు. ఇంకో మాట లేదు.

అప్పుడే మాకు కొత్త కార్యదర్శిగారు వచ్చారు. చెడ్డమనిషి కాదు. సాహిత్యమంటే చెవి కోసుకునే రకం. సంతకం కూడా అందంగా, తీగ పాకినట్టు పెట్టేవారు. బిల్లు చదివి ఆమెను పిలిపించారు.

"ఏంటమ్మా ఇది? ఒక్క పేజీలో పదకొండుసార్లు కార్మికుడా? ఇది చట్టమా, ఎక్కాల పుస్తకమా? చదివేవాడికి విసుగు పుట్టదూ?"

"చట్టం విసుగ్గానే ఉండాలి సార్. మాట మారితే అర్థం కూడా మారిందంటారు."

"ఎవరంటారు?"

"అలా అంటే ఎవరికి లాభమో వాళ్లంటారు."

ఆయన నవ్వారు. "నువ్వు మరీ అనుమానం మనిషివమ్మా," అని ఫైలు తన దగ్గరే పెట్టుకున్నారు.

తర్వాతి రెండు రోజులు ఆమె సెలవు పెట్టింది. బావకు ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ రెండు రోజుల్లోనే ఫైలు నా దగ్గరికి వచ్చింది, శుద్ధప్రతి తీయమని. చూస్తే కార్యదర్శిగారి ఆకుపచ్చ సిరాతో దిద్దుబాట్లు. వైద్యం సంగతి ఉన్న తొమ్మిదో సెక్షన్‌లో "కార్మికుడు" కొట్టేసి "ఉద్యోగి" అని ఉంది. పన్నెండులో "పనివారు". చదవడానికి నిజంగానే బాగుంది. కానీ నాకు లోపల ఏదో గుచ్చుకుంది. ఆమెకు ఒక్క ఫోన్ చేద్దామా అనుకున్నాను. ఆసుపత్రిలో ఉంది కదా, ఈ గొడవ ఇప్పుడెందుకులే అనుకున్నాను. టైపు చేశాను. ఆ మధ్యాహ్నమే మంత్రిగారి సంతకమూ అయిపోయింది.

మూడో రోజు పొద్దున ఆమె వచ్చి ప్రతి చూసింది. నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, తెల్లకాగితం తీసి, అన్నిచోట్లా ఉద్దేశించింది ఒకే మనిషినేననీ, అందుకే ఆ మాటలు మార్చకూడదనీ ఒక పేజీ నిండా రాసి ఫైల్లో పెట్టి పంపింది. గంటలో పిలుపు వచ్చింది. మిగతా ప్రతులు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

కార్యదర్శిగారు కోపంగా లేరు. కాగితం బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి ఆనించారు.

"నువ్వన్నది తప్పని నేననడం లేదు. కానీ సంతకం అయిపోయింది. ఇప్పుడు అక్షరం మారినా ఫైలు మళ్లీ మొదటికి పోవాలి. ఈ కాగితం ఇందులో ఉంటే న్యాయశాఖ వాళ్లు ఎలాగూ ఆపేస్తారు. శుక్రవారంతో సమావేశాలు అయిపోతాయి. ఆ తర్వాత ఎన్నికలు. వచ్చేవాళ్లు ఈ బిల్లు ముఖం చూస్తారని నీకు నమ్మకం ఉందా?"

ఆమె ఆ కాగితం వైపే చూస్తోంది.

"చెప్పు. నీకు చట్టం కావాలా, మాట కావాలా? నిర్వచనం మొదట్లోనే ఉంది కదమ్మా. అర్థం ఎవరికి తెలీదు?"

కిటికీ బయట ఎవరో కారు కడుగుతున్నారు. ఆమె చెయ్యి చాచి ఆ కాగితం తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. మెట్ల దగ్గర ఆగి నాతో, "మా బావకి ఇంకో ఐదేళ్లు ఆగే ఓపిక లేదే," అంది. అంతే.

శుక్రవారం బిల్లు నెగ్గింది. మొదటి ఏడాది అంతా సవ్యంగానే నడిచింది. బావ పేరు ఆసుపత్రి జాబితాలోకి ఎక్కింది. మందులు, ఇంట్లో పెట్టుకునే ఊపిరి యంత్రం మిల్లు వాళ్లే ఇచ్చారు. ఒకసారి నేను వాళ్లింటికి వెళ్తే ముక్కుకు గొట్టం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కళ్లెగరేసి, "చూశావా అమ్మాయ్, మా మరదలు రాసిన గాలి పీలుస్తున్నాను," అన్నాడు. వంటింట్లోంచి ఆమె అక్కగారు, "ఆ గాలి మాటలకు ఖర్చు పెట్టకు, ఊపిరికి దాచుకో," అని కసిరింది. అందరం నవ్వాం. చెల్లెలైతే ఆ ఏడాదంతా కాస్త ఒళ్లు చేసింది కూడా.

రెండో ఏడు మిల్లుల వాళ్లు కోర్టుకెక్కారు. నిర్వచనంలో ఉన్నది కార్మికుడు, వైద్యం ఇమ్మన్నది ఉద్యోగికి. ఉద్యోగి అంటే మా రిజిస్టరులో పేరున్నవాడు. మేస్త్రీలు తెచ్చినవాళ్లు మాకు ఉద్యోగులు కారు. ఇదీ వాళ్ల వాదన.

ప్రభుత్వం తరఫు వకీలు మా గదికి వచ్చాడు. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు.

"రెండు మాటలకీ అర్థం ఒకటేనని చెప్పే కాగితం ఒక్కటి ఫైల్లో ఉంటే చాలు మేడమ్. ఎవరైనా అప్పట్లో ఏమైనా రాశారా?"

"నేను రాశాను."

అతని మొహం వెలిగింది. "ఏదండీ?"

ఆమె చేతిసంచి తెరిచి మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితం తీసి ఇచ్చింది. అతను రెండుసార్లు చదివాడు. జాగ్రత్తగా మడిచి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఫైల్లో లేని కాగితం కాగితం కాదు మేడమ్. మీకు నేను చెప్పాలా?"

తీర్పు ఒక సోమవారం వచ్చింది. చట్టం చేసినవారు రెండు వేర్వేరు మాటలు వాడినప్పుడు రెండు వేర్వేరు అర్థాలను ఉద్దేశించారనే తీసుకోవాలి అని అందులో ఉంది. అది కొత్త సంగతి కాదు. పనిలో చేరిన మొదటి వారంలోనే ఆమె నాతో కంఠస్థం చేయించిన సూత్రం. ఆమె వరండాలో నిలబడి చదివింది. చదవడం అయ్యాక కూడా కాగితాల మీంచి కళ్లు తీయలేదు. నేను దగ్గరకెళ్తే, "తీర్పు సరైందే అమ్మాయ్. నేను జడ్జినైనా ఇదే రాసేదాన్ని," అంది.

యంత్రం వాపసు ఇమ్మని మిల్లు నుంచి నోటీసు వచ్చిన రోజు ఆఫీసు అయ్యాక ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. వాళ్లకు సంగతి సగమే తెలుసు. మిగతా సగం ఆమె చెప్పింది, నిలబడే చెప్పింది. బావ శ్రద్ధగా విన్నాడు, పరీక్ష జవాబు విన్నట్టు.

"అయితే మరదలా, నేను ఉద్యోగిని కాదంటావు."

"నేననడం లేదు బావా. కోర్టంటోంది."

"మరి ఇరవై ఆరేళ్లు పొద్దున్నే లేచి సద్ది కట్టుకుని వెళ్లింది ఎక్కడికంట? చుట్టపుచూపుకా?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

అక్కగారు అతని వీపు రాస్తూనే అడిగింది. "ఆ మాట నువ్వు ముందే చూశావా?"

"చూశాను."

"చూసి?"

"తప్పని కాగితం రాశాను."

"రాసి?"

"వెనక్కి తీసుకున్నానక్కా. చట్టం అసలుకే రాకుండా పోతుందేమోనని భయపడ్డాను."

అక్కగారు వీపు రాయడం ఆపేసింది. తర్వాత, "నిన్ను చదివించింది ఇందుకా అనాలని నోటిదాకా వస్తోంది. అనను," అంది. అని లోపలికి వెళ్లిపోయింది. మేం వెళ్లేటప్పుడు బయటికి రాలేదు.

తన జీతంతో ఆమె ఒక పాత యంత్రం కొని పంపింది. అక్కగారు తీసుకుంది గానీ మాట్లాడలేదు. బావ ఆ చలికాలం దాటలేదు. చనిపోయిన రోజు చెల్లెలు వెళ్తే అక్కగారు తలుపు తీసింది, పక్కకు జరిగి దారి ఇచ్చింది. అంతే. అక్కాచెల్లెళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఏడవని చావు అది ఒక్కటే నేను చూసింది.

ఆ తర్వాత మూడేళ్లు ఆమె ఒకే పని చేసింది. సవరణ. రెండు వాక్యాలు. తొమ్మిదో సెక్షన్‌లో "ఉద్యోగి"కి బదులు "కార్మికుడు" అని చదువుకోవాలన్నది మొదటిది. చట్టం పుట్టిన రోజు నుంచీ అలాగే ఉన్నట్టు భావించాలన్నది రెండోది. మొదటిదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండోదానికే అన్ని శాఖలూ అడ్డుపడ్డాయి. వెనకటి తేదీ వద్దు, ఇకమీదట అని రాయండి చాలు అన్నారు. "ఇకమీదట అంటే ఇప్పటిదాకా జబ్బుపడ్డవాళ్లు ఏమవ్వాలి?" అని గది గదికీ తిరిగింది. చెప్పులరిగేలా తిరిగింది అంటారే, ఆమె విషయంలో అది మాటవరసకు కాదు, రెండు జతలు మార్చడం నేను చూశాను. ఇదివరకైతే ఇంత వాదన పెట్టుకునేది కాదు, ఒకసారి చెప్పి ఊరుకునేది. ఇప్పుడు ప్రతి అభ్యంతరానికీ కాగితం రాసేది. ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేయించి, ఫైల్లోకి ఎక్కిందో లేదో తనే వెళ్లి చూసుకునేది.

ఈలోగా పాత కార్యదర్శిగారు పదవీ విరమణ చేసి, ఏదో పెన్షన్ కాగితాల పని మీద ఒకరోజు మా ఆఫీసుకు వచ్చారు. చేతికర్ర పట్టుకుని మా గదిలోకి తొంగి చూశారు.

"ఎవరో చెప్పారమ్మా, అప్పట్లో మనం చేసిన ఒక బిల్లులో ఏదో మాట తేడా వచ్చిందని. ఏ మాటమ్మా అది?"

ఎగతాళి కాదు. నిజంగానే గుర్తులేదు. ఆమె ఆయన వైపు చూసి, "పెద్దదేం కాదు సార్. కూర్చోండి, టీ తెప్పిస్తాను," అంది. ఆయన టీ తాగి, మా గదిలో గాలి బాగా వస్తుందని మెచ్చుకుని వెళ్లిపోయారు.

సవరణ ఒక మధ్యాహ్నం నెగ్గింది. సభలో సగం కుర్చీలు ఖాళీ. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. రెండువందల పైచిలుకు మందికి వైద్యం మళ్లీ మొదలైంది. మధ్యలో ఆగిన ఆ కాలంలో పోయినవాళ్లు ఎనభై ముగ్గురు. ఆ లెక్క ఎవరూ అడగలేదు. ఆమే ఆసుపత్రి నుంచి తెప్పించుకుంది. ఆ రోజు నేను మిఠాయి తెస్తే తీసుకుంది, తినకుండా కాగితంలో అలాగే ఉంచేసింది.

తర్వాత ఎక్కువ రోజులు ఉద్యోగం చేయలేదు. ఇంకా రెండేళ్లు ఉండగానే రాజీనామా ఇచ్చింది. ఎందుకక్కా అంటే, "చదవలేకపోతున్నానే. ఏ మాట చూసినా రెండుగా కనిపిస్తోంది. నిన్న అద్దె కాగితం చదవడానికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టింది," అంది. ఒంటరిగా ఒక గదిలో ఉండేది. తిండి సరిగా తినేది కాదు. మెట్లు దిగుతూ పడి తుంటి ఎముక విరిగితే పక్కింటివాళ్లు చూసేదాకా అక్కడే ఉండిపోయిందట.

ఆసుపత్రికి అక్క కూతురు వచ్చింది. "పిన్నీ, ఆటో తెచ్చాను. అమ్మ తీసుకురమ్మంది," అంది.

"మీ అమ్మ ఏమంది? సరిగ్గా ఏమందో అదే చెప్పు."

ఆ పిల్ల కాస్త ఆలోచించి, "తీసుకురా అంది. ఇంకేం అనలేదు," అంది. ఆమె ఇంకేమీ అడక్కుండా చెప్పులేయించుకుంది.

ఆ తర్వాత నేను చాలాసార్లు వెళ్లాను. అక్కాచెల్లెళ్లిద్దరూ రెండు గదుల ఇంట్లో ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. మందు వేసుకున్నావా, నీళ్లు కాగాయా, తలుపు గడియ పెట్టు. ఇవే మాటలు. ఆ పాత సంగతి నాకు తెలిసినంతలో వాళ్ల మధ్య మళ్లీ రాలేదు. క్షమించడమంటే ఇదేనా, లేక వయసు మీదపడి ఓపిక అయిపోవడమా, నాకు తెలియదు.

ఒకసారి వెళ్లేసరికి ఆమె స్నానం చేస్తోంది. అక్కగారు మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఆ మారిన మాట మిషను మీద కొట్టింది నువ్వేనటగా?"

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న కోసం భయపడుతున్నాను. "నేనేనండీ," అన్నాను. "ఫోన్ చేద్దామనుకున్నాను ఆ రోజు. చేయలేదు."

ఆవిడ ఏరిన రాళ్లు అరచేతిలోంచి కిటికీ బయటికి విసిరేసింది. "ఆ రోజు ఇది ఆసుపత్రిలో పొద్దున్నుంచి పచ్చిగంగ ముట్టకుండా వరసలో నిలబడింది. నువ్వు చేసినా ఎత్తే తీరిక లేదు," అంది. నా భారం దించడానికి అందో, జరిగింది జరిగినట్టు చెప్పిందో, ఆ మొహంలో నాకు కనిపించలేదు.

లోపలినుంచి చెంబు చప్పుడు ఆగింది. అక్కగారు చాట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచి, తువ్వాలు తీసుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్లింది.

"నేల తడిగా ఉంది. నేనొచ్చేదాకా అడుగు వెయ్యకు," అని కేకేసింది.